కోటగోడల నీడలో ఒక పల్లె

ద్రాక్షారామంలో అడుగుపెట్టిన యాత్రికునికి భీమేశ్వరాలయపు ఎత్తైన ప్రాకారాలే ముందుగా కనిపిస్తాయి. సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా కూడా ఆ ఊళ్ళోనే ఉంది. ఆరాధనాస్థలం చుట్టూ కోటను తలపించే గోడ మన గోదావరి సీమవారికి కొత్త కాదు. అటువంటి గోడనే నమ్ముకున్న పల్లె ఒకటి సుదూర రుమేనియాలోనూ ఉంది.

ట్రాన్సిల్వేనియా ప్రాంతంలోని ఆ ఊరిని రుమేనియన్‌లో దర్జియు అంటారు. ఊరివారికి మాత్రం అది సేకెయ్‌దెర్జ్. వారి మాతృభాష హంగేరియన్. 1920 నాటి ఒప్పందంతో ఆ సీమ రుమేనియాకు దక్కింది. రాజ్యం మారినా ఇంటిభాష మారలేదు.

ఊరి చర్చి గోడల మీద 1419 నాటి చిత్రాలున్నాయి. దండయాత్రల భయంతో తరువాతి కాలంలో దాని చుట్టూ బురుజులతో కూడిన దృఢమైన గోడ నిర్మించారు. 1999లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

పదహారవ శతాబ్దంలో ఈ గ్రామస్థులు యూనిటేరియన్లయ్యారు. అంటే త్రిత్వాన్ని నిరాకరించి దేవుడు ఒక్కడేనని నమ్మిన క్రైస్తవులు. వారి విశ్వాసం ఇస్లాం కాదు. అయినా ఆ మాట వింటే తౌహీద్‌ను నమ్మిన హృదయం ఒక్కక్షణం ఆగుతుంది.

ఆనాడు ట్రాన్సిల్వేనియా ఉస్మానియా సుల్తానుకు కప్పం కట్టే రాజ్యం. దాని పాలకుడు యానోష్ జిగ్మోండ్ హయాంలో, 1568లో, టోర్డా పట్టణంలో సమావేశమైన సభ ఒక తీర్మానం చేసింది: బోధకులు తమ అవగాహన మేరకు బోధించవచ్చు, విశ్వాసం కారణంగా ఎవరినీ బెదిరించరాదు, బంధించరాదు. ధర్మంలో నిర్బంధం కూడదన్న ఖుర్ఆన్ ఆదేశం ఎరిగిన మనకు దాని విలువ తెలియనిది కాదు. కానీ పాలకుడు మారగానే మాట మారింది. యూనిటేరియన్ల నాయకుడు ఫెరెంత్స్ దావిద్ 1579లో దేవా కోట చెరసాలలోనే కన్నుమూశాడు.

తీర్మానం ఆయనను కాపాడలేకపోయింది. సమాజం మాత్రం నిలిచింది. ఎలా నిలిచిందో ఆ కోటలోకి తొంగిచూస్తే కొంత బోధపడుతుంది. ముట్టడి రోజుల్లో ఆకలికి చిక్కకూడదని ప్రతి కుటుంబం తన ధాన్యాన్ని, ఉప్పుపట్టిన పందిమాంసాన్ని అక్కడ దాచుకునేది. శత్రువులు పోయారు, శతాబ్దాలు గడిచాయి, ఆచారం మిగిలింది. ఒకరి సొత్తును ఒకరు ముట్టరు. మన మాటలో చెప్పాలంటే అది అమానతు.

గోడ శత్రువును ఆపగలదు. లోపలివారిని కలిపి ఉంచేది మాత్రం ఒకరిపై ఒకరికున్న నమ్మకమే. సంఖ్యలో తక్కువైన ఏ సమాజమైనా తన పిల్లలకు ముందుగా అందించవలసిన ఆస్తి అదే.