పొరుగింటి గిన్నె
కృష్ణానది ఎడమగట్టున, ప్రకాశం బ్యారేజీకి దిగువన ఉన్నది తోట్లవల్లూరు. అరటి, కంద, పసుపు తోటలు దాటి మేము ఊళ్లో అడుగుపెట్టాము. కూలిపనిపై బతికే ఇళ్లలో తొడమాంసం అరుదు. కాళ్లు, ఎముకలే కొంటారు. కాళ్లను సన్నని సెగపై గంటల తరబడి ఉడికిస్తే జిగురు దిగి చారు చిక్కబడుతుంది. ఆ రాత్రికి రొట్టెలతో పాయా. మరునాడు ఎముకలకు శనగపప్పు, సొరకాయ, చింతపులుసు చేర్చి దాల్చా. మిగిలినదానిలో మూడో పూటకు కంద ముక్కలు వేసి బాగా మరిగించవచ్చు. పులుపు తగిలితే కంద దురదపెట్టదు.

దీనిని పిసినారితనంగా భావించరాదు. చారు వండినప్పుడు నీరు ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కు బోధించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. కనుక కుండలో నీరు పోసేటప్పుడే పక్కింటి గిన్నెను కూడా లెక్కలో పెట్టుకుందాము.