మేనమామ ఎముకకు మేనల్లుడి సాక్ష్యం

మెదక్ నుంచి నర్సాపూర్ అడవి దాటి, బాలానగర్ మీదుగా మా బస్సు హబ్సిగూడ చేరింది. సీసీఎంబీ, అంటే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, సామాన్య జనాన్ని లోపలికి రానిచ్చే రోజు అది. మా డిగ్రీ కాలేజీ పిల్లలను చూపించడానికి తీసుకుపోయాం. పిల్లలతో పాటు మా వాచ్‌మన్ కూడా బస్సెక్కాడు. సైన్యంలో పనిచేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొని ముందుసీట్లో కూర్చున్నాడు.

"ఎముక చూసి మనిషి ఎవరో చెప్తరంట గదా సార్, నిజమేనా?" అని దారిలో అడిగాడు. ఎందుకని అడిగితే అసలు సంగతి చెప్పాడు. "మా మేనమామ 62 లడాయిల పోయిండు. టెలిగ్రాం వచ్చింది, మనిషి రాలే. మా అవ్వ ఇప్పటికీ దినం చెయ్యనియ్యలే."

1962 చైనా యుద్ధంలో జాడ తెలియకుండా పోయినవారు దాదాపు 1,700 మంది అని మన అధికారిక లెక్క. రెజాంగ్ లా కొండల్లో మేజర్ షైతాన్ సింగ్, ఆయన జవాన్లు 1962 నవంబరు 18న నేలకొరిగితే, 1963 ఫిబ్రవరిలో గానీ వాళ్ల దేహాలు కనబడలేదు. ఆ మాత్రం కూడా తెలియని ఇళ్లు దేశమంతా ఉన్నాయి.

పురాతన డీఎన్ఏ గురించి చెబుతున్న బల్ల దగ్గర ఆయన నిలబడిపోయాడు. అక్కడి యువ పరిశోధకురాలు ఓపిగ్గా వివరించింది. అసలు ప్రయోగశాలలోకి సందర్శకులను పోనివ్వరు. మన చర్మం నుంచి రాలే ఒక్క పొట్టు, నోటి నుంచి ఎగిరే ఒక్క తుంపర చాలు, నూరేళ్ల నాటి ఎముకలోని ఆనవాలును మాపేయడానికి. అందుకే లోపల పనిచేసేవాళ్లు తల నుంచి కాలి దాకా సూటు తొడుక్కుంటారు, చేతికి రెండు జతల గ్లవుజులు వేసుకుంటారు. దొరికిన డీఎన్ఏ తమది కాదని రుజువు చేసుకోవడానికి సిబ్బంది డీఎన్ఏతో కూడా పోల్చి చూస్తారు. ఎముకల్లో పన్ను, లోపలి చెవిని చుట్టి పుర్రె అడుగున ఉండే గట్టి ఎముక అన్నిటికన్నా మేలు. వాటిని కొద్దిగా తొలిచి, ఆ పొడిలోంచి డీఎన్ఏ తీస్తారు.

"ఇక్కడ సిపాయి ఎముకలు చూసిన్రా అమ్మా?" అని ఆయన అడిగాడు. చూశారు. ఒకరివి కాదు, వందల మందివి.

పంజాబ్‌లోని అజ్నాలాలో ఒక గురుద్వారా కింద పూడిపోయిన బావిని 2014లో స్థానికులు తవ్వారు. పుర్రెలు, పళ్లు, ఎముకలు, వాటితో పాటు నాణేలు, తూటాలు బయటపడ్డాయి. దేశ విభజన అల్లర్లలో చనిపోయినవారివి అని కొందరన్నారు. 1857 సిపాయిలవని కొందరన్నారు. రెండో వాదనకు ఒక ఆధారం ఉంది. లాహోర్ దగ్గర మియాన్ మీర్‌లో ఉన్న 26వ నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలు తిరగబడి రావి నది వైపు పారిపోతే, అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్ వాళ్లను పట్టి, 1857 ఆగస్టు 1న 237 మందిని కాల్పించాడు. మరో 45 మంది ఇరుకు గదిలో ఊపిరాడక చనిపోయారు. 282 మందినీ ఎండిన బావిలో వేయించానని తానే పుస్తకంలో రాసుకున్నాడు.

ఏది నిజమో ఎముకలనే అడిగారు. పంజాబ్ విశ్వవిద్యాలయం, సీసీఎంబీ, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, కాశీ హిందూ విశ్వవిద్యాలయం కలిసి పనిచేశాయి. 50 నమూనాల్లో తల్లివైపు డీఎన్ఏ చూశారు, 85 నమూనాల్లో ఆక్సిజన్ ఐసోటోపులు కొలిచారు. పంటి పింగాణీ చిన్నప్పుడే గట్టిపడుతుంది. అప్పుడు ఏ ప్రాంతపు నీళ్లు తాగారో ఆ గుర్తు అందులో చివరిదాకా ఉండిపోతుంది. 2022లో ఫలితం వచ్చింది. వాళ్లు పంజాబీలు కారు. గంగా మైదానం వైపు పుట్టి పెరిగినవారు. 26వ రెజిమెంటు సిపాయిలు వచ్చిన నేల కూడా అదే.

నూటయాభై ఏళ్లు దాటిన తర్వాత ఇంత తెలియడం గొప్ప విషయం. అయినా ఆ బావిలో ఒక్కరికి కూడా పేరు దొరకలేదు. ప్రయోగశాల లోపం కాదు అది. ఎముక ఒకవైపు ఉంది, రెండోవైపు పోల్చడానికి "ఇతను మా ముత్తాత" అని రక్తం ఇచ్చే కుటుంబం ఏదో తెలియలేదు. గుర్తింపు అనేది సగం ఎముకలో ఉంటుంది, సగం ఊళ్లో ఉంటుంది. ఈ మాట ఆ రోజు నాకు బాగా అర్థమైంది.

"మరి నా రక్తం పనికొస్తదా? మా మామకు పెండ్లి కాలే, పిల్లలు లేరు" అన్నాడు వాచ్‌మన్.

ఆ అమ్మాయి చెప్పిన జవాబు మా పిల్లలందరూ చుట్టూ చేరి విన్నారు. కణంలో అసలు డీఎన్ఏ రెండు ప్రతులే ఉంటుంది. మైటోకాండ్రియాలోని చిన్న డీఎన్ఏ వందల, వేల ప్రతుల్లో ఉంటుంది కాబట్టి పాత ఎముకలో అది మిగిలే అవకాశం ఎక్కువ. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది. సిపాయి తల్లి నుంచి సిపాయికీ, ఆయన అక్కచెల్లెళ్లకూ వచ్చింది. ఆ అక్కచెల్లెళ్ల నుంచి వాళ్ల బిడ్డలకు వచ్చింది. "కాబట్టి తాతా, మీ మామకు కొడుకే ఉన్నా ఈ పరీక్షకు పనికిరాడు. మీరు పనికొస్తారు. మేనల్లుళ్లు, మేనకోడళ్లు పనికొస్తారు. మేనకోడళ్ల పిల్లలు కూడా పనికొస్తారు." తండ్రివైపు పోలిక చూడాలంటే వై క్రోమోజోమ్ ఉంది. దానికి సిపాయి అన్నదమ్ములు, వాళ్ల కొడుకులు కావాలి.

అయితే తల్లివైపు డీఎన్ఏ కలిసినంత మాత్రాన మనిషి తేలినట్టు కాదు. ఒకే తల్లివరుస నుంచి వచ్చినవారు వేలమంది ఉండవచ్చు. వయసు, ఎత్తు, పళ్ల తీరు, పాత దెబ్బలు, దొరికిన చోటు, ఆ చోట ఏ దళం పోరాడింది, మెడలో బిళ్ల మీద ఏ నంబరు ఉంది, ఇవన్నీ ఒకదానికొకటి సరిపోవాలి. ఒక్కోసారి ఆ బిళ్లే దారి చూపుతుంది. 1984 మే నెలలో సియాచిన్‌లో మంచుచరియల కింద చిక్కిన లాన్స్‌నాయక్ చంద్రశేఖర్ హర్బోలా దేహం 2022 ఆగస్టులో దొరికితే, ఆర్మీ నంబరున్న బిళ్లే ఆయనెవరో చెప్పింది. 38 ఏళ్ల తర్వాత హల్ద్వానీలో అంత్యక్రియలు జరిగాయి. 1968 ఫిబ్రవరి 7న రోహ్‌తంగ్ దగ్గర 102 మందితో కూలిన వైమానిక దళ విమానంలోని కేరళ జవాను థామస్ చెరియన్ 2024లో, 56 ఏళ్లకు సొంత ఊరు చేరాడు. మంచు దేహాలను దాచిపెట్టింది కాబట్టి సరిపోయింది. వేడి, తడి ఉన్న అడవి నేలలో ఎముకే మిగలడం కష్టం, అందులో డీఎన్ఏ మిగలడం ఇంకా కష్టం.

కుటుంబాల నమూనాలు ముందే చేతిలో ఉంటే ఏం సాధించవచ్చో అమెరికా చూపించింది. 1941లో పెర్ల్ హార్బర్‌లో మునిగిన ఓక్లహోమా నౌకలో 429 మంది చనిపోయారు. పేరు తేలకుండా సమాధి చేసిన 388 మంది అవశేషాలను 2015లో మళ్లీ వెలికితీశారు. బంధువుల నమూనాలతో పోల్చి, 2021 నాటికి 350 మందికి పైగా పేర్లు చెప్పారు. ఇలాంటి పని చేయడానికి మనకు తెలివి లేక కాదు. దేశంలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతికి ఆద్యుడైన లాల్జీ సింగ్ పనిచేసింది ఈ హబ్సిగూడ ఆవరణలోనే.

మరుసటి ఆదివారం మెదక్‌లో ఖిల్లా కింది వీధిలో ఉన్న వాచ్‌మన్ ఇంటికి పోయాను. ఆయన తల్లికి చూపు మందగించింది, మాట మాత్రం గట్టిగా ఉంది. తమ్ముడి సర్వీసు నంబరున్న పాత పోస్టుకార్డు ట్రంకుపెట్టెలోంచి తీయించింది. నంబరు, దళం, చివరి ఉత్తరం తేదీ, ఆమె చెప్పిన ఎత్తు, ముందుపన్ను విరిగిన సంగతి, తల్లివైపు బంధువులందరి పేర్లు ఒక కాగితం మీద రాశాం. "దొరుకుతడా బిడ్డా?" అని ఆమె అడిగింది. దొరుకుతాడని నేను మాట ఇవ్వలేదు. దొరికితే మాత్రం పోల్చుకోవడానికి మీరున్నారని చెప్పాను.

యుద్ధానికి పోయి తిరిగిరాని మనిషి మీ ఇంట్లో ఉంటే ఈ పని వాయిదా వేయకండి. ఆయన అక్కచెల్లెళ్లు బతికుండగానే వివరాలు రాసిపెట్టండి, ఉత్తరాలు, ఫొటోలు భద్రం చేయండి, ఆడపిల్లల వైపు వంశవృక్షం గీయండి. జాడ తెలియని ప్రతి జవాను కుటుంబం నుంచి నమూనాలు సేకరించి భద్రపరచడం ప్రభుత్వం తన బాధ్యతగా తీసుకోవాలి. ఎముక మంచులో ఏళ్ల తరబడి ఎదురుచూడగలదు. దానికి పేరు చెప్పగలిగిన వాళ్లు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు.