ఊదుగొట్టం

నల్లజర్లలోని మా ఇంటికి వచ్చేవారికి మొదట వినిపించేది నా పలకరింపు కాదు, ఒక యంత్రపు రొద. మా ఆవిడ మంచం ప్రక్కన ఉండే ఆక్సిజన్ కాన్సంట్రేటరు అది. 2021 వేసవిలో, కరోనా విజృంభించిన రోజులలో, ఆ పేరు ఊరూరా వినబడింది. మా ఇంటికి మాత్రం అది కరోనా వలన రాలేదు. వంటింటి పొగ వలన వచ్చింది.

మా ప్రాంతం వర్జీనియా పొగాకు పండే నేల. అయినా మా ఇంట చుట్ట ముట్టినవారు లేరు. కాని ఆమె పుట్టింట్లో పదేళ్ళ వయసునుండి, మా ఇంట గ్యాసు పొయ్యి వచ్చేదాకా, కట్టెలతోను పిడకలతోను వండింది. వానాకాలంలో తడికట్టెలు అంటుకోక, ఊదుగొట్టంతో ఊది ఊది ఆమె కళ్ళనీళ్ళు తుడుచుకుంటుంటే, నేను అరుగుమీద పిల్లలకు ఛందస్సు చెబుతూ "కాఫీ ఇంకా కాలేదా?" అని కేకవేసిన ఉదయాలు నాకు గుర్తున్నాయి. పొగ త్రాగనివారికీ పొయ్యి పొగ వలన ఊపిరితిత్తులు చెడతాయని వైద్యుడు చెప్పినప్పుడు నేను తల ఎత్తలేకపోయాను.

గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతమే. ఈ యంత్రం లోపలి జియోలైట్ అనే ఖనిజం నత్రజనిని పట్టి ఉంచుతుంది. మిగిలిన గాలి దాదాపు 90 శాతం ప్రాణవాయువై ముక్కు గొట్టానికి అందుతుంది. రక్తంలో ప్రాణవాయువు బాగా తగ్గిన ఇటువంటి రోగులు రోజుకు కనీసం 15 గంటలు దీనిని పెట్టుకుంటే ఆయుర్దాయం పెరుగుతుందని 1980, 1981లలో అమెరికా, బ్రిటన్‌ల నుండి వెలువడిన పరిశోధనలు తేల్చాయి.

నేను ఆ 15ను పట్టుకున్నాను. నోటుపుస్తకంలో గంటలు వ్రాసేవాణ్ణి. ఆమె కాసేపు గొట్టం తీస్తే బడిపిల్లను కసిరినట్లు కసిరేవాణ్ణి. కరెంటు పోతే ఇన్వర్టరు వైపు, సిలిండరు వైపు పరుగు. గొట్టం గది గుమ్మం దాటదు. ఆమె ప్రపంచమూ అంతే.

ఒకనాడు ఆమె అన్నది: "ఏవండీ, గంటలు లెక్కపెట్టేది మీరు, గడపవలసింది నేను. నాకు కాసేపు పెరటివైపు కూర్చోవాలని ఉంది."

ఆ మాటకు నా వద్ద జవాబు లేదు. వైద్యుణ్ణి అడిగి, ప్రవాహం తగ్గనంత మేరకు పొడుగు గొట్టం తెచ్చి, కాలికి తగలకుండా గోడవెంట వేశాను. ఇప్పుడు ఆమె పెరటి గుమ్మంలో కుర్చీ వేసుకుని మల్లెపందిరి చూస్తుంది, పొరుగింటి కోడలితో కబుర్లాడుతుంది. ప్రాణవాయువు దగ్గర నిప్పు పనికిరాదు గనుక పెరటి చివరనున్న తులసికోట వద్ద దీపం నేనే పెడతాను, కాఫీ నేనే కాస్తాను. "వత్తి కాస్త ఎగదోయండి" అని అక్కడినుంచే ఆజ్ఞ!

మొన్న అటకమీద పాత ఇనుప ఊదుగొట్టం కనబడింది. పారవేయబోతే వద్దన్నది. "అప్పుడు నేను ఊదాను, ఇప్పుడు నాకు ఊదుతోంది" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

మిత్రులారా, మీ ఇంట ఎవరికైనా ఈ యంత్రం అవసరమైతే, గంటలు తప్పక చూడండి. గొట్టం ఎంతదూరం వస్తుందో కూడా చూడండి.