షాక్ అబ్జార్బరూ, నా బీటెక్కూ

నేను మెకానికల్ ఇంజనీర్ని. నవ్వకండి, సర్టిఫికెట్ ఉంది. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో మా క్లాసు క్లాసంతా సాఫ్ట్‌వేర్‌లోకి దూకితే వాళ్ళతోపాటు నేనూ దూకాను. ఆరేళ్ళుగా జావా రాసుకుని బతుకుతున్నాను. వైబ్రేషన్స్ పేపర్లో మాసు, స్ప్రింగు, డాష్‌పాట్ బొమ్మ గీసి మార్కులు కొట్టేశాను గానీ, షాక్ అబ్జార్బర్ని చేత్తో పట్టుకున్నది మాత్రం పోయిన వేసవిలోనే. అదీ మిషిగన్‌లో, మా పక్కింటి పెద్దాయన గరాజ్‌లో.

ఆయన దగ్గర 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఏ ఉంది. వాళ్ళ నాన్న కొన్నదట. ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయేలోపు ఒక్కసారి భార్యని ఎక్కించుకుని ఊరు తిప్పాలని ఆయన కోరిక. ఆవిడకేమో నడుం నొప్పి. కారు గుంతలో పడితే ఊగుతూనే ఉంటుంది. నాలుగు షాకుల్లో రెండు బిగుసుకుపోయాయి, రెండు ఎండిపోయాయి. ఆయన వేళ్ళకి కీళ్ళవాతం. "నువ్వు ఇంజనీరువి కదా, ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు. కాదని ఎలా చెప్పను?

ఇప్పటి కార్లలో షాక్ అంటే పొడుగాటి గొట్టం. ఇందులో అలా కాదు. హూడాయ్ అనే ఫ్రెంచాయన పేరుతో వచ్చిన రకం ఇది. ఛాసిస్‌కి బిగించిన గుండ్రటి ఇనప డబ్బా, దాన్లోంచి బయటికి ఒక చెయ్యి. ఇరుసు కదిలినప్పుడల్లా లింకు ఆ చేతిని తిప్పుతుంది. లోపల రెక్కలున్న షాఫ్టు గ్లిజరిన్‌లో తిరుగుతుంది. గ్లిజరిన్ సన్నటి దారుల్లోంచి దూరి వెళ్ళాలి కాబట్టి ఊపు తగ్గుతుంది. అంతకుముందు మోడల్ టీకి ఫ్యాక్టరీ నించి షాకులే లేవు. చవక కారుకి నాలుగు హైడ్రాలిక్ షాకులివ్వడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

చిక్కేమిటంటే గ్లిజరిన్ తేమని పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి పట్టించుకోకపోతే లోపల తుప్పు పట్టి రెక్క అతుక్కుపోతుంది. రెక్కే అరిగిపోతే, సందులోంచి గ్లిజరిన్ జారిపోతుంది. అప్పుడిక ప్యాకింగు మార్చినా లాభం లేదు.

హెర్షీలో ఏటా అక్టోబరులో జరిగే పాత కార్ల సంతలో ఆయన కొని పెట్టుకున్న షాకులు ఓ పెట్టెనిండా ఉన్నాయి. వాటిలో మంచివి ఏరి, ఊడదీసి, తుప్పు వదిలించి, ప్యాకింగులు మార్చి, గ్లిజరిన్ నింపేసరికి మూడు వారాంతాలు పోయాయి.

"ఏవి ఎడమవి? ఏవి కుడివి?" అనడిగాడు పెద్దాయన.

నేను ఫోన్లో ఫొటోలు చూసి, అన్నిటినీ కొలిచి, "అన్నీ ఒకటే, ఏది ఎక్కడైనా పెట్టొచ్చు" అని తేల్చేశాను.

ఆయన ఏమీ అనలేదు. ఒకదాన్ని వైస్‌లో బిగించి, "దాని చెయ్యి అటూ ఇటూ లాగి చూడు" అన్నాడు. అటు లాగితే గట్టిగా ఉంది, ఇటు కాస్త తేలిగ్గా వచ్చింది. రెండోది బిగించాడు. అచ్చం తిరగబడింది!

చక్రం పైకి లేచేటప్పుడు షాక్ కాస్త మెత్తగా వదలాలి. నొక్కుకున్న స్ప్రింగు వెనక్కి తన్నేటప్పుడు గట్టిగా పట్టాలి. ఎడమది కుడివైపు పెడితే పని తారుమారు. గుంత దెబ్బంతా పైకి పంపించి, ఆపాల్సిన ఊపుని వదిలేస్తుంది. నా మాట విని బిగించి ఉంటే ఆవిడ నడుం ఏమయ్యేదో!

నాకు గుర్తున్నంతవరకు పరీక్షలో డాంపర్‌కి ఒకటే 'సి' ఇచ్చేవాళ్ళు. రెండు దిక్కులకీ అదే అంకె. లెక్క సులువుగా తేలడానికి పెట్టుకున్న ఆ సర్దుబాటునే నేను నిజమనుకుని ఇన్నేళ్ళు తిరిగాను. ఆఫీసులో కూడా అంతేనేమో. పైకి ఒకేలా కనిపించే రెండు ఫంక్షన్లని కలిపేసి, శుభ్రం చేశానని చంకలు గుద్దుకున్న రోజులున్నాయి. లాగి చూడలేదు.

సెప్టెంబరులో ఒక ఆదివారం వాళ్ళిద్దరూ కార్లో వెళ్ళారు. గంట తర్వాత వచ్చారు. ఎలా ఉందని ఆవిణ్ణి అడిగితే, "ఊపు బానే తగ్గింది, సీటే రాయిలా ఉంది" అంది. పెద్దాయన పగలబడి నవ్వాడు.

ఇప్పుడా ఇంట్లో వేరేవాళ్ళున్నారు. వెళ్తూ వెళ్తూ ఆయన బాగుచెయ్యలేకపోయిన షాకొకటి నాకిచ్చి వెళ్ళాడు. నా బల్ల మీదే ఉంది. సర్టిఫికెట్ మాత్రం ఊళ్ళో బీరువాలో ఉంది.

సరే, మీ సంగతేంటి? మీరు బొమ్మ గీసి మార్కులు కొట్టేసిన వస్తువుని ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నారా?