ఈ బక్రీదుకు మా ఇంటి వంట

హిజ్రీ 1446 జుల్ హిజ్జా పదవ తేదీ, అనగా 2025 జూన్ 7, శనివారం నాడు బక్రీద్ వచ్చింది. మరునాడు ఆదివారం. పిల్లలకూ ఉద్యోగస్తులకూ వరుసగా రెండు రోజుల సెలవు. కాకినాడ జగన్నాథపురంలోని మా వీధిలో నమాజు ముగిసి ఆలింగనాలు అయిన వెంటనే అందరి నోటా వినవచ్చే మాట ఒక్కటే: “మీ ఇంట్లో ఏం వండుతున్నారు?” ప్రతి సంవత్సరమూ ఆ ప్రశ్నకు గడపలో నిలబడి గర్వంగా జవాబు చెప్పేవాళ్ళం. ఈసారి మాత్రం తలుపు దగ్గరగా వేసుకొని లోపల కూర్చున్నాము.

మా పెరట్లో ఆ ఏడు మేకపోతును కట్టలేదు. శీతాకాలంలో మా ఇంటి యజమానికి శస్త్రచికిత్స జరిగింది. ఆయన బతికి బయటపడ్డారు, అల్హందులిల్లాహ్. అయితే ఇంట్లో ఉన్న కాస్త బంగారం పోయి, దాని స్థానంలో అప్పు మిగిలింది. నిత్యావసరాలూ అప్పులూ పోగా సుమారు 612 గ్రాముల వెండి విలువకు సమానమైన సొమ్ము మిగిలిన వారిపైనే హనఫీ ఫిఖహ్ ప్రకారం ఖుర్బానీ వాజిబ్. మా లెక్క ఆ దరిదాపులకు కూడా చేరలేదు.

ఇంటిల్లిపాదీ దాదీ అని పిలుచుకునే మా పెద్దావిడ ఈ లెక్కను ఒప్పుకోలేదు. “ఎవరి దగ్గరైనా ఇరవై వేలు తెచ్చి జబహ్ చేయించండి. యాభై ఏళ్ళుగా ఇచ్చిన చేయి ఇది. ఇప్పుడు జనం ముందు చాపమంటారా?” అన్నారు. ఇచ్చే చేయి తీసుకునే చేయి కన్న మేలన్న దైవప్రవక్త (స) బోధను మాకే గుర్తు చేశారు. మసీదు ఇమామ్ గారిని అడిగాము. అప్పు మీద అప్పు చేసి, విధి కాని దానిని నెత్తికెత్తుకోవద్దని ఆయన సున్నితంగా చెప్పారు. దాదీ మౌనం వహించారు. ఆ మౌనం మాకు మాటలకన్నా బరువనిపించింది.

పండుగ ఉదయం నేతిలో సేమియా వేయించి పాలు పోసి కాచాము. మా పై వాటాలో ఉండే ఉపాధ్యాయుని కుటుంబం శాకాహారులు. వారికోసం మాంసం తగలని గిన్నెను ఏడాది పొడవునా విడిగా ఉంచుతాము. ఆ గిన్నెలో సేమియా పంపాము. పదకొండు గంటలకు మొదటి పొట్లం వచ్చింది. తెచ్చిన కుర్రవాడు “ఖుర్బానీ హిస్సా” అని చెప్పి, చేతికిచ్చి, పరుగున వెళ్ళిపోయాడు.

పొట్లం విప్పి చూశాము. రెండు వెన్నెముక ముక్కలు, కొంత కొవ్వు, ప్రక్కటెముకల చివరలు. మాంసం వెతికితే గుప్పెడు. మా చిన్నమ్మాయి “వీళ్ళు ఇదే ఎందుకిచ్చారు?” అని అడిగింది. ఎవరమూ పలుకలేదు. ఎందుకంటే అటువంటి పొట్లాలు కట్టడంలో మేము ఆరితేరినవాళ్ళం. వెనుక తొడ ముక్కలు మాకు, మెత్తని కండ కొత్త బంధువులకు, మిగిలిన ఎముకలు, కొవ్వు “ఇతరులకు”. ఏళ్ళ తరబడి చాప మీద కూర్చొని మేము వేసిన కుప్పలు అవే. ఆ మూడవ కుప్ప ఏ ఇంట్లో ఎలా విప్పబడిందో ఒక్కనాడూ ఊహించలేదు. ఆ రోజు అది మా వంటగదిలోనే విప్పబడింది.

మధ్యాహ్నానికి మరి మూడు పొట్లాలు వచ్చాయి. ఒక దానిలో కలేజీ ఉంది. దాదీకి అదంటే ఇష్టమని తెలిసిన దూరపు బంధువులు ప్రత్యేకించి పంపారు. మిరియాలు, ఉప్పు, వెల్లుల్లి వేసి పెనం మీద వేయించాము. దాదీ పళ్ళెం ప్రక్కకు జరిపారు.

అప్పుడు మా ఇంటి యజమాని హజ్రత్ బరీరా (రజి) సంఘటన చెప్పారు. బానిసత్వం నుండి విముక్తి పొందిన ఆమెకు ఎవరో మాంసం దానంగా ఇచ్చారు. దైవప్రవక్త (స) ఇంటికి వచ్చినప్పుడు పొయ్యి మీద అది ఉడుకుతోంది. ఆయన ముందు మాత్రం రొట్టె, వేరే కూర పెట్టారు. ఆ మాంసం సదఖా అనీ, సదఖా తాము తినరు గదా అనీ ఇంటివారు విన్నవించగా, అది ఆమెకు సదఖా, ఆమె నుండి మనకు కానుక అని ఆయన సెలవిచ్చారు. “అమ్మీ! తీసుకున్నది మనదైతే, దానిని ఇవ్వడం కూడా మన చేతిలోనే ఉంటుంది,” అన్నారు మా వారు. దాదీ చాలాసేపు ఆలోచించారు. తరువాత పళ్ళెం దగ్గరకు లాక్కొని, “ఆ ఎముకలు పారేయకండి,” అన్నారు.

ఆ సాయంత్రం వంటగది దాదీదే. ఎముకలు కడిగి పెద్ద డేగిసాలో వేయించారు. ధనియాలు, సోంపు, అల్లం, వెల్లుల్లి పల్చని గుడ్డలో మూట కట్టి వేయించి, నీరు నిండా పోయించారు. సన్నని సెగపై రెండు గంటలు మరిగాక వచ్చిన యఖ్నీని వడకట్టి, ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల చొప్పున కొలిచి పలావు దించారు. మిగిలిన ఎముకలతో శనగపప్పు, సొరకాయ వేసి దాల్చా చేశారు. షోర్బా వండినప్పుడు నీరు ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమని ప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కు చేసిన హితబోధ మేము ఎన్నోసార్లు చదివాము. చేతినిండా మాంసం ఉన్న రోజుల్లో ఆ నీటి అవసరం మాకు కలుగలేదు. కనుక దాని అర్థమూ తెలియలేదు.

మా ప్రక్కింటివారు మత్స్యకారులు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక మరబోట్లు సముద్రంలోకి పోరాదు. కుంభాభిషేకం రేవులో పడవలన్నీ వరుసగా కట్టేసి ఉన్నాయి. ఏడాదంతా మాకు చేపలు పంపే ఆ ఇంట్లో రెండు నెలలుగా పొయ్యి అంతంతమాత్రంగా వెలుగుతోంది. అది మాకు తెలుసు. అయినా మా బాధలో మేము మునిగి ఉన్నాము. దాదీయే పలావు గిన్నె పైటచెంగుతో పట్టుకొని స్వయంగా వారి గడపకు నడిచారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూద పొరుగువానికి పంపారా అని పదే పదే అడిగారట. పొరుగువాని హక్కుకు మతం అడ్డు కాదు.

ఆదివారం ఉదయం ఆ ఇల్లాలు మా గిన్నెను తిరిగి తెచ్చారు. ఖాళీగా కాదు. నిండా చింతచిగురు, పైన పొట్లంలో ఎండు నెత్తళ్ళు. “మీరు ఈసారి పోతును కొట్టలేదని తెలుసండి, అక్కగారండీ. అయినా పంపించారు,” అన్నారామె. ఆ మాటకు మా దాదీ కళ్ళు చెమర్చాయి.

మిగిలిన మాంసాన్ని ఆ మధ్యాహ్నం చింతచిగురుతో వండాము. చిగురును ఈనెలు తీసి అరచేతుల మధ్య నలిపి, ముక్క ఉడికిన తరువాతనే వేయాలి. వేడి అన్నంతో తింటే ఆ పులుపు మా డెల్టా వేసవినంతటినీ నాలుక మీదికి తెచ్చింది. నెత్తళ్ళను ఉల్లిపాయలతో వేయించి, తష్రీఖ్ దినాలు ముగిశాక తిన్నాము.

మా ఫ్రీజరు ఆ ఏడు ఖాళీగా ఉంది. పూర్వం దాదీ మాంసాన్ని పేలికలుగా కోసి, ఉప్పు పసుపు రాసి, దారానికి గుచ్చి, ఎండలో ఉప్పుకండాలు చేసేవారు. తరువాత ఫ్రిజ్ వచ్చింది, ముహర్రం దాకా నిల్వ పెట్టడం అలవాటైంది. ఆకలిగొన్న జనం మదీనాకు వచ్చిన ఒక సంవత్సరం, మూడు రోజులకు మించి దాచవద్దని ప్రవక్త (స) ఆదేశించారు. మరుసటి ఏడు తినండి, దాచుకోండి, దానం చేయండి అని అనుమతించారు. దాచుకోవడం తప్పు కాదు. అయితే తలుపు అవతల ఆకలి ఉన్న సంవత్సరం ఏదో, లేనిది ఏదో చూసుకునే బాధ్యత మనదే.

జంతువుల మాంసంగానీ రక్తంగానీ అల్లాహ్‌కు చేరవనీ, చేరేది మీ భయభక్తులేననీ దివ్య ఖుర్ఆన్ హజ్ సూరా బోధిస్తోంది. ఆ భయభక్తులను తూచే చోటు మూడవ కుప్ప అని మేము ఆలస్యంగా గ్రహించాము. పాఠక సోదరీ సోదరులారా! వచ్చే బక్రీదుకు పొట్లాలు కట్టేటప్పుడు ప్రతి పొట్లంలో మీరు తినగోరే ముక్క ఒకటి ఉంచండి. దానిని విప్పేచోట కూడా ఒక చిన్నారి నిలబడి చూస్తుంటుంది.

అల్లాహ్ మా అప్పు తీర్చి, మళ్ళీ ఇచ్చే భాగ్యం ప్రసాదించుగాక. తీసుకున్న ఈ సంవత్సరాన్ని మరువకుండా ఇచ్చే హృదయాన్నీ ప్రసాదించుగాక. ఆమీన్.