చిల్లు ఒకచోట, చుక్క ఒకచోట

విశాఖ నుంచి అరకు వెళ్లే బండ్లు చాలావరకు శృంగవరపుకోటలో ఒకసారి ఆగుతాయి. టీ తాగేవాళ్లు టీ తాగుతారు, టైర్లలో గాలి చూసుకునేవాళ్లు చూసుకుంటారు. బొడ్డవర దాటితే ఘాట్ మొదలు. అక్కణ్నుంచి అనంతగిరి మీదుగా అరకు చేరేదాకా మలుపులే. కొండ దిగి వచ్చే బండ్లు కూడా ఇక్కడ ఆగుతాయి కానీ వాటికి టీ ఒక్కటే సరిపోదు. అరిగిన బ్రేకులు, ఊడిన బీడింగులు, వాన నీళ్లు తాగిన సీట్లు, ఇలా ఘాట్ మీద జరిగిన నష్టమంతా ‘కోట’ అని పిలుచుకునే ఈ ఊరి షెడ్లకు చేరుతుంది.

అరకు రోడ్డు పక్కన అలాంటి షెడ్డు ఒకటి ఉంది. రేకుల కప్పు, ఒక వెల్డింగ్ సెట్టు, ఒక కంప్రెసర్, గోడకు ఆనించిన ప్లైవుడ్ పలకలు. మామూలుగా ఇక్కడికి వచ్చేవి స్కూలు బస్సులు, పికప్ వ్యాన్లు, టెంపో ట్రావెలర్లు. మేం వెళ్లిన రోజు మాత్రం షెడ్డు మధ్యలో ఒక తెల్లని చక్రాల పెట్టె నిలబడి ఉంది. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే ఇల్లుబండి అది. లోపల రెండు పడకలు, ఒక వంటగట్టు, సింకు, ఒక మూల చిన్న బాత్రూము. ఇనుప చట్రం మీద అల్యూమినియం రేకు, లోపలివైపు ప్లైవుడ్. దాని యజమాని విశాఖలో ఉద్యోగి. అరకులో బండి నిలిపి కుటుంబంతో పడుకున్న రాత్రి వాన పట్టిందట. వెనకవైపు వంటగట్టు మీది అల్మరాలోంచి చుక్కలు పడటం మొదలై, తెల్లారేసరికి బియ్యం సంచి తడిసిపోయిందట.

ఇలాంటి బండి మన రోడ్ల మీద అరుదు. మన దేశంలో కారవాన్ అంటే ఎక్కువగా వ్యాను చాసిస్ మీద కట్టిన మోటారు ఇల్లే. వాటి తయారీకి ఏఐఎస్-124 అని ప్రత్యేక ప్రమాణం కూడా ఉంది. కేరళ 2021లో ‘కేరవాన్ కేరళ’ పేరుతో ఈ తరహా పర్యాటకాన్ని మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో కారవాన్ పర్యాటక విధానం ప్రకటించింది. బండ్లు పెరిగితే వాటి జబ్బులూ పెరుగుతాయి. ఆ జబ్బుల్లో అన్నిటికంటే ముందు తలుపు తట్టేది నీటి కారుడే.

యజమాని వస్తూనే సిలికాన్ గొట్టాలు నాలుగు పట్టుకొచ్చాడు. “పైనంతా వేసెయ్యండి మేస్త్రి గారూ, సాయంత్రానికి వెళ్లిపోతాను” అన్నాడు. మేస్త్రి వయసు అరవైకి దగ్గర. లారీ క్యాబిన్లతో మొదలుపెట్టి బస్సు బాడీల దాకా చేసిన మనిషి. ఆయన ఆ గొట్టాలను ముట్టుకోలేదు.

“ఏసీడానికి ఎంతసేపు బాబూ? ముందు అది ఏ నీరో తేలాల కదా!”

ఇల్లుబండిలో తడి మూడు రకాలుగా పుడుతుంది. ఒకటి వాన నీరు. రెండోది బండి లోపలి ట్యాంకు, పంపు, గొట్టాల నీరు. మూడోది బయటి నీరే కాదు, లోపలి గాలి పట్టిన చెమట. శీతాకాలంలో అరకులో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగుతుంది. కిటికీలన్నీ బిగించుకుని నలుగురు పడుకుంటే వాళ్ల ఊపిరిలోని తేమ, పొయ్యి మీద మరిగిన నీటి ఆవిరి చల్లని రేకుకు తగిలి చుక్కలవుతాయి. దాన్ని కారుడు అనుకుని కప్పంతా పూసుకున్నా లాభం ఉండదు. పైన కాస్త కిటికీ తెరిచి పడుకుంటే సరిపోతుంది.

అందుకని మొదటి పరీక్ష ట్యాంకుకు జరిగింది. ట్యాంకు నింపి, 12 వోల్టుల పంపు వేసి, కుళాయిలన్నీ కట్టేశారు. గొట్టాల్లో ఒత్తిడి నిండగానే పంపు దానంతటదే ఆగిపోతుంది. ఎక్కడైనా నీరు కారుతుంటే ఒత్తిడి మెల్లగా పడిపోయి, ఎవరూ కుళాయి తిప్పకపోయినా పంపు మధ్యమధ్యలో టకటకమని మోగుతుంది. మేస్త్రి కుర్రాణ్ని లోపల కూర్చోబెట్టి, ఫోను చూడొద్దని చెప్పి, షెడ్డులో గ్రైండర్ ఆపించాడు. అరగంట గడిచినా పంపు కిక్కురుమనలేదు. సింకు కింద, బాత్రూము వెనక జాయింట్లన్నిటి చుట్టూ టిష్యూ కాగితం చుట్టి చూశారు, అదీ పొడిగానే ఉంది. గొట్టాలు నిర్దోషులని తేలింది.

తరవాత తడి ఎంతదాకా పాకిందో చూడాలి. మేస్త్రి దీనికి బొటనవేలు వాడతాడు. మూలల వెంబడి, కిటికీల కింద, నేల గోడను కలిసే అంచున నొక్కుకుంటూ పోతాడు. మంచి ప్లైవుడ్ వేలికి ఎదురు తిరుగుతుంది, నానినది లోపలికి దిగుతుంది. యజమాని దగ్గర రెండు సూదుల తేమ మీటరు ఉంది, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది. చెక్కలో తేమ 20 శాతం దాటితే అనుమానించాలన్నది వాడేవాళ్ల లెక్క. కానీ సముద్రానికి ఇంత దగ్గర ప్రాంతంలో వానాకాలపు గాలికే చెక్క కొంత తేమ పీల్చుకుని ఉంటుంది. ఒక్క అంకె చూసి బెదిరిపోకుండా, ఒక గోడ అంకెను ఎదుటి గోడతో పోల్చుకోవాలి. వేలూ మీటరూ ఒకే మాట చెప్పాయి. వెనక ఎడమ మూల తడిసింది. విచిత్రం ఏమిటంటే, ఆ మూల పైన కప్పు మీద ఒక్క చిల్లు లేదు, ఒక్క స్క్రూ లేదు.

ఇక్కడే మేస్త్రి తన పని సూత్రం చెప్పాడు. “సుక్క పడినకాడ సిల్లు ఉండదు బాబూ. నీరు పైన ఎక్కడో దూరతాది, సట్రం పట్టుకుని నడుస్తాది, దానికి ఇష్టమైనకాడ దిగుతాది.”

ఇల్లుబండి కప్పు బయటికి ఒక్క రేకులా కనిపిస్తుంది గానీ దాన్నిండా కోతలే. గాలి పోయే వెంటిలేటర్ చుట్టూ ఒక కోత, ఏసీ కింద ఒక కోత, యాంటెన్నాకు ఒకటి, బాత్రూము గొట్టానికి ఒకటి. అంచుల్లో కప్పునూ గోడనూ కలిపే అల్యూమినియం పట్టీకి వరసగా స్క్రూలు. ముందు పైభాగాన చిన్న దీపాలు. గోడ మీద ఎండకు వేసుకునే పందిరి బిగించిన బ్రాకెట్లు. రేకు తనంతట తాను కారదు, దాన్ని కోసిన ప్రతిచోటా కారుతుంది. బండి రోడ్డు మీద ఎగిరెగిరి పడుతున్నప్పుడు చట్రం మెలి తిరుగుతుంది, ఎండకు రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఈ కదలికలన్నిటికీ ముందుగా ఓడిపోయేది అతుకు దగ్గరి సీలెంటు.

నీళ్ల పరీక్షకు వరస ఉంది. గొట్టంతో పైనుంచి కిందికి తడపకూడదు. పైన పోసిన నీరు గోడ మీదుగా జారి కింద ఉన్న చిల్లుల్లోకీ దూరుతుంది, అప్పుడు దొంగ ఎవరో తెలియదు. కింది కిటికీ అంచుతో మొదలుపెట్టి, ఒక్కోచోట పది పదిహేను నిమిషాలు పోసి, లోపల ఒకరు టార్చితో చూస్తుండగా మెల్లగా పైకి వెళ్లాలి. నీరు వానలా పడాలి. కార్లు కడిగే ప్రెషర్ గన్ వాడితే బాగున్న రబ్బరు కూడా దారి ఇస్తుంది. ఈ పని పెద్ద కర్మాగారాల్లోనూ ఉంది. 1955లో మొదలైన పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పూర్తయిన రైలు పెట్టెలను కృత్రిమ వాన కింద పెట్టి చూస్తారు. 2017 ఏప్రిల్‌లో ఈ కోట మీదుగానే అరకుకు నడవడం మొదలైన అద్దాల కప్పు విస్టాడోమ్ పెట్టె తయారైంది అక్కడే.

కింద కిటికీ, పక్క కిటికీ, పందిరి బ్రాకెట్లు, వెనక అంచు, వెంటిలేటర్. గంట దాటినా లోపల చుక్క లేదు. యజమాని మొహంలో సంతోషమూ లేదు, నిరాశా లేదు, అనుమానం ఉంది. కారని బండిని బాగుచేయించడం ఎలా?

మేస్త్రి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చి, అరకులో బండి ఎలా నిలిపారని అడిగాడు. గుట్ట వాలులో, ముక్కు పైకి పెట్టి నిలిపానన్నాడు యజమాని. అంతే, జాకీ తెప్పించాడు. కారుకు తగిలించే కొక్కెం కింద జాకీ పెట్టి, వెనక చక్రాలకు రాళ్లు ఆనించి, బండి ముక్కును జానెడు పైకి లేపాడు. ఈసారి గొట్టం పట్టుకుని తిన్నగా ముందు పైభాగానికి వెళ్లాడు. కాసేపటికి లోపల్నుంచి కుర్రాడి కేక వినపడింది. వెనక అల్మరాలో చుక్క!

ముందు పట్టీలో మూడు స్క్రూల చుట్టూ తుప్పు మరకలున్నాయి. బండి సమంగా ఉన్నప్పుడు అక్కడ దూరిన కొద్దిపాటి నీరు అక్కడే ప్లైవుడ్‌లో ఇంకిపోతోంది. ముక్కు లేచినప్పుడు అదే నీరు కప్పు లోపలి ఇనుప చట్రాన్ని కాలువ చేసుకుని బండి పొడవునా నడిచి వెనక దిగుతోంది. కోటలో కారని బండి అరకులో కారిన రహస్యం ఇదీ. రోడ్డు మీద పోతున్నప్పుడు మరో సంగతి ఉంది. అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండికి వాన పైనుంచి పడదు, ఎదురొచ్చి కొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజున ఈ జిల్లాల్లో వాన అడ్డంగా ఎలా కొట్టిందో చూసినవాళ్లకు వివరించక్కర్లేదు. నిలువు వానకు నిలిచిన కిటికీ అడ్డ వానకు నిలవకపోవచ్చు.

అయినా ఒక చిల్లు దొరికిందని మేస్త్రి ఊరుకోలేదు. రెండో పరీక్ష గాలిది. కిటికీలు మూసి, సింకు రంధ్రాలకు టేపు వేసి, వెంటిలేటర్ దగ్గర అట్ట బిగించి అందులోంచి బ్లోవర్‌తో లోపలికి గాలి ఊదించాడు. బయట కుర్రాడు సబ్బు నీళ్లు బ్రష్షుతో రాసుకుంటూ పోయాడు. పంక్చర్ షాపులో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచినప్పటి బుడగలే ఇక్కడా. ముందు దీపాల్లో ఒకదాని కింద నురగ లేచింది. అమెరికాలో ఇల్లుబండ్ల తయారీకి కేంద్రమైన ఇండియానా రాష్ట్రం ఎల్‌కార్ట్ లాంటి చోట్ల దీనికి ప్రత్యేక యంత్రాలున్నాయి, పద్ధతి మాత్రం ఇదే. ఇదే సూత్రాన్ని తిరగేసి వాడిన ఇల్లుబండి కూడా ఒకటుంది. 1931లో వాలీ బయమ్ స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ ట్రైలర్‌ను మార్చి, 1969లో చంద్రుడి మీంచి వచ్చిన అపోలో 11 వ్యోమగాములను నాసా అందులో ఉంచింది. చంద్రుడి మీది క్రిములేమైనా ఉంటే బయటికి పోకూడదని లోపలి గాలి ఒత్తిడిని బయటికంటే తక్కువగా ఉంచారు. ఎక్కడ సందున్నా గాలి లోపలికే రావాలి తప్ప బయటికి పోకూడదు.

మరమ్మతులో ఎక్కువ సమయం తిన్నది పాత సిలికాన్. ముందెవరో పట్టీ మీద మందంగా పూసిపోయారు. సిలికాన్ మీద వేరే సీలెంటు పట్టదు, కొత్త సిలికాన్ కూడా సరిగా అంటుకోదు. అందుకని ప్లాస్టిక్ పట్టీతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, రేకు మెరిసేదాకా శుభ్రం చేశారు. పట్టీ విప్పి చూస్తే కింద చెక్క నల్లబడి ఉంది. తుప్పు స్క్రూలు తీసేసి, నానిన భాగం కోసేశారు. కొత్త ముక్కకు మేస్త్రి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తెప్పించాడు. ఇనుముకు తగిలి ఉన్న అల్యూమినియం తడిలో తినుకుపోతుంది కనుక రెండిటి మధ్య టేపు వేయించాడు.

దాని మీద పట్టీ కింద బ్యూటైల్ టేపు పరిచారు. నల్లగా, జిగురుగా ఉండే ఈ టేపు ఎండదు, గట్టిపడదు, బండి కదిలితే తానూ కదులుతుంది. స్టీలు స్క్రూలు బిగిస్తే అంచుల్లోంచి బయటికి ఉబికిన టేపును చాకుతో కోసి, పైన పాలీయురేథేన్ సీలెంటు గీత వేశారు. కిటికీల దగ్గర కుర్రాడు కింది అంచుకు కూడా సీలెంటు పెట్టబోతే మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు. ఆ అంచులో ఉన్న సన్నని రంధ్రాలు చట్రంలోకి చేరిన నీరు బయటికి పోవడానికే పెట్టినవి. వాటిని మూస్తే నీరు గదిలోకి వస్తుంది.

వెనక మూల పని మాత్రం ఆ రోజు పూర్తి కాలేదు, కానివ్వలేదు కూడా. లోపలి పలక విప్పి, ఫ్యాను పెట్టి ఆరనివ్వాలన్నాడు మేస్త్రి. తడి మీద కొత్త పలక వేస్తే బూజు లోపలే పెరుగుతుంది, బయటికి వాసన తప్ప ఏమీ తెలియదు. తేమ మీటరు ఎదుటి గోడ అంకెకు వచ్చేదాకా ఫ్యాను ఆపొద్దన్నాడు. సాయంత్రానికి వెళ్లిపోదామనుకున్న యజమాని బస్సెక్కి విశాఖ వెళ్లాలి.

వెళ్లేముందు ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. కప్పు మీద సోలార్ పలక పెట్టించాలట, నాలుగు బ్రాకెట్లకు ఎనిమిది స్క్రూలు, వైరుకు ఒక రంధ్రం. మేస్త్రి బొమ్మకేసి, యజమానికేసి మార్చి మార్చి చూశాడు. “పట్టీలో నేను మూసినవి మూడు. మీరు కొట్టమంటన్నవి తొమ్మిది.” ఆ తరవాత అరగంట నిచ్చెన మీద, చాక్‌పీసుతో బేరం నడిచింది. బ్రాకెట్లు రేకు మీద కాక చట్రం మీద పడేలా జరిపి, ఒక్కోదానికి ఒక్క స్క్రూ, మిగతా పట్టు అంటించే పట్టీతో అని తేలింది. వైరుకు అసలు కొత్త రంధ్రమే అక్కర్లేదని, ఫ్రిజ్ వెనక గాలి పోయే కంతలోంచి దించొచ్చని కుర్రాడు అన్నాడు. మేస్త్రి ఒప్పుకుని, చాక్‌పీసుతో గీసిన తొమ్మిదిలో అయిదు గుర్తులు అరచేత్తో చెరిపేశాడు.