పుట్టిన ఊళ్ళో ముసాఫిర్

గత చలికాలంలో మా చెల్లెలి కుమారుడు జర్మనీ నుంచి కొన్ని ఫోటోలు పంపించాడు. మ్యూనిక్ నగరంలో ఉద్యోగం చేస్తున్న ఆ అబ్బాయి భార్యను వెంటబెట్టుకొని, ఆల్ప్స్ పర్వతాల పాదాన ఉన్న గార్మిష్-పార్టెన్‌కిర్షెన్ అనే చిన్న పట్టణంలో నాలుగు రోజులు గడిపి వచ్చాడు. జర్మనీ దేశంలోకెల్లా ఎత్తయిన ట్సుగ్‌స్పిట్సె శిఖరం ఆ ఊరికి ఆనుకొనే ఉన్నది. దాని ఎత్తు 2,962 మీటర్లు. ఇళ్ళ కప్పుల మీద మూరెడు మందాన మంచు, కిటికీలలో పసుపు దీపాలు, కంబళ్ళలో మునిగిన ఇద్దరు పిల్లల్లాంటి దంపతులు. సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకే మగ్రిబ్ వేళ అయిపోతున్నదనీ, జుహ్ర్‌కూ అస్ర్‌కూ నడుమ తీరిక చిక్కడం లేదనీ రాశాడు.

ఆ ఫోటోలను నా భార్య చాలాసేపు చూసింది. ఫోను నా చేతికి తిరిగి ఇస్తూ, “మంచు పడదు గానీ, చలి మాత్రం మా సున్నిపెంటలోనూ ఇలాగే ఉండేది” అన్నది. కొంతసేపు ఆగి, “ఒక్కసారి తీసుకువెళ్ళరాదూ?” అని అడిగింది.

మా నిఖా జరిగి అప్పటికి 31 సంవత్సరాలు. ఈ మాట ఆమె పెళ్ళయిన కొత్తలోనూ అడిగింది. ‘పరీక్షలు కానీ’ అన్నాను. పరీక్షల తరువాత రమజాను, రమజాను తరువాత మదర్సాలో కొత్త ప్రవేశాలు. దైవప్రవక్త (స) ఒక ప్రయాణంలో సహచరులను ముందుకు సాగిపొమ్మని పంపి, హజ్రత్ ఆయిషా (ర.అన్హా)తో పరుగుపందెం వేసిన సంఘటనను ప్రతి ఏటా విద్యార్థులకు బోధిస్తూనే ఉన్నాను. మొదటిసారి ఆమె గెలిచారు. కొన్నేళ్ళకు, ఆమె కాస్త ఒళ్ళు చేశాక, ఆయన (స) గెలిచి, నవ్వుతూ పాత లెక్కను గుర్తుచేశారు. ఆ హదీసుకు వ్యాఖ్యానం చెప్పడంలో నాకు మంచి పేరే ఉన్నది. నంద్యాల నుంచి అయిదు గంటల బస్సు ప్రయాణం మాత్రం 31 ఏళ్ళయినా చేయలేకపోయాను.

డిసెంబరు చివరి వారంలో మూడు రోజుల సెలవు పెట్టాను. ఈ సంగతి తెలిసిన ఒక విద్యార్థి, “హజ్రత్, అది సున్నీల ఊరా?” అని అమాయకంగా అడిగాడు. ఆ పేరుకూ మనకూ ఏ సంబంధమూ లేదు. దాన్ని సుండిపెంట అని కూడా అంటారు. మన మైదానంలో పెంట అంటే ఎరువు కుప్ప. నల్లమలలో మాత్రం చెంచుల నివాసానికి అదే పేరు. రోళ్ళపెంట, ఈగలపెంట, దోమలపెంట, ఇలా అడవి నిండా పెంటలే.

ఫజ్ర్ నమాజు ముగించుకొని నంద్యాలలో బస్సు ఎక్కాము. బస్సు నిండా మల్లన్న దర్శనానికి వెళ్ళేవారే. మా ముందు సీటులోని ఒక వృద్ధురాలు నా గడ్డాన్నీ, నా భార్య బురఖానూ మార్చి మార్చి చూసి, “మీరు యాడికి పోతాండారమ్మా?” అని అడిగింది. “నేను పుట్టిన ఊరికి అవ్వా. సున్నిపెంట” అన్నది నా భార్య. “అట్లయితే మల్లన్న కొండ ఆడబిడ్డవే నువ్వు” అని ఆ అవ్వ తన సంచిలోని బొరుగుల ముద్ద తీసి ఇచ్చింది. ఆత్మకూరు వచ్చేసరికి వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. నేను కిటికీ పక్కకు జరిగిపోయాను.

ఆత్మకూరు దాటిన తరువాత బైర్లూటి వద్ద అడవి మొదలవుతుంది. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983 నుంచి పులుల సంరక్షణ పథకం కింద ఉన్నది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 వరకు ఘాట్ రోడ్డు మీద వాహనాలను అనుమతించరు. రాత్రివేళ అడవిని దాని హక్కుదారులకు వదిలివేయడం నాకు న్యాయంగానే తోచింది. దోర్నాల నుంచి సుమారు 50 కిలోమీటర్ల ఘాట్ దారిలో మంచు తెరలు ఇంకా విడలేదు. వెదురు పొదలు, తునికి చెట్లు తెల్లని పొగలో నుంచి ఒక్కసారిగా ముందుకు వచ్చి మళ్ళీ మాయమవుతున్నాయి. రోడ్డు అంచున కొండముచ్చులు చలికి ఒకదాన్నొకటి కరచుకొని కూర్చున్నాయి. నా భార్య మలుపు రాకముందే అది ఎటు తిరుగుతుందో చెబుతూ వచ్చింది. చాలావరకు తప్పే చెప్పింది. శ్రీశైలంలో దిగి, అక్కడి నుంచి జీపులో సున్నిపెంట చేరాము.

ఆమె ఇక్కడ ఎందుకు పుట్టిందో చెప్పాలి. శ్రీశైలం ప్రాజెక్టు పనులు 1960లో ఆరంభమయ్యాయి. 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 512 మీటర్ల పొడవు, 145 మీటర్ల ఎత్తు, 12 గేట్లు గల ఆ ఆనకట్టను కట్టడానికి రెండు దశాబ్దాలు పట్టింది. ఇంజనీర్లు, గుమాస్తాలు, మేస్త్రీలు, కూలీలు, వారి పిల్లలు ఇంతకాలం ఉండటానికి అడవి మధ్య లేచిన ఊరే నేటి సున్నిపెంట. మా మామగారు తాపీ మేస్త్రీగా 1969లో ఇక్కడికి వచ్చారు. నా భార్య 1972లో పుట్టింది. వరుసలో ఒకవైపు పాలమూరు వారు, మరొకవైపు తమిళులు. బడిలో తెలుగు, ఇంట్లో ఉర్దూ, కుళాయి దగ్గర అన్నీ. డ్యాం పూర్తయి, 1982లో కుడిగట్టు విద్యుత్తు కేంద్రంలో మొదటి యూనిట్ తిరిగింది. మేస్త్రీలకు పని తగ్గింది. 1984లో మా మామగారు కుటుంబాన్ని తీసుకొని తెలుగుగంగ కాలువ పనులకు ఆళ్ళగడ్డ వైపు వెళ్ళిపోయారు. పన్నెండేళ్ళ పిల్ల జీపు వెనుక కూర్చొని ఊరు కనుమరుగయ్యే దాకా చూసిందట.

ఊరు ఇప్పుడు ఆమె చెప్పినట్లు లేదు. నడుమ బజారు, సెల్‌ఫోను దుకాణాలు, టీ కొట్లు. ఒకనాటి క్వార్టర్లు కొన్ని నివాసయోగ్యంగా ఉన్నాయి. మరికొన్ని కప్పులు కూలి, గోడల మీద రావి మొలకలతో నిలిచాయి. ఆమె వరుసను కనుగొన్నది గాని, ఇంటిని గుర్తించలేకపోయింది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్లున్నాయి. అటూ ఇటూ రెండుసార్లు నడిచింది. ఒక్కసారిగా ఆగి, “ఇదే” అన్నది.

“ఎలా తెలిసింది?” అన్నాను.

“వాకిలి చూడండి.”

మిగిలిన అన్ని ఇళ్ళ ముందూ పగిలిపోయిన సిమెంటు అరుగులు ఉన్నాయి. పని చివర మిగిలిన సిమెంటును అడిగి తెచ్చుకొని ఎవరి వాకిలి వారు గట్టిచేసుకున్న కాలం అది. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఈ ఒక్క ఇంటి ముందు మాత్రం మట్టి, దానిమీద గడ్డి. మా అత్తగారు వాన కురిసినప్పుడల్లా బురద ఎత్తిపోస్తూ భర్తను దెప్పేవారట. “అది ప్రజల సొమ్ము. ఇచ్చేవాడికి ఇచ్చే అధికారం ఉందో లేదో నాకు తెలియదు” అని ఆయన అనేవారట. ఆ మహానుభావుని నేను ఎనిమిదేళ్ళు ఎరుగుదును. ఈ విషయం ఆయన నాతో ఎన్నడూ ప్రస్తావించలేదు. నా భార్య కూడా చెప్పలేదు. అడిగితే, “చిన్నప్పుడు సిగ్గుగా ఉండేది. అందరి ఇంటి ముందూ అష్టాచెమ్మా గళ్ళు గీసుకొనేవాళ్ళు. మా ఇంటి ముందు గీస్తే నిలిచేవి కావు” అన్నది. వంగి గుప్పెడు మట్టి తీసింది. కాసేపు పట్టుకొని, తిరిగి అక్కడే వదిలి చేతులు దులుపుకొన్నది. నేనేమీ అడగలేదు.

అస్ర్ వేళకు మేము దిగిన గదికి వచ్చాము. నేను మస్జిదుకు బయలుదేరుతుండగా ఆమె అడిగింది: “ఏమండీ, నేను ఇక్కడ నమాజు పూర్తిగా చేయాలా, ఖస్ర్ చేయాలా?”

ఈ ప్రశ్నకు జవాబు నేను తరగతిలో కనీసం పాతికసార్లు చెప్పి ఉంటాను. సుమారు 78 కిలోమీటర్లకు మించిన ప్రయాణం చేసి, పదిహేను రోజులకన్నా తక్కువ ఉండదలచినవాడు ముసాఫిర్. అతడు జుహ్ర్, అస్ర్, ఇషాలలో నాలుగు రకాతులకు బదులు రెండే చేయాలి. పుట్టిన ఊరికి ‘వతనె అస్లీ’ అని పేరు. మనిషి దాన్ని శాశ్వతంగా విడిచి మరొక ఊరిని స్వస్థలం చేసుకొంటే, హనఫీ ధర్మవేత్తల ప్రకారం మొదటిది రద్దయిపోతుంది. కితాబులో ఇది రెండు పంక్తుల విషయం. ఆ రెండు పంక్తులూ ఆమె ముఖం చూస్తూ చెప్పడం అంత తేలిక కాలేదు.

“ఖస్ర్” అన్నాను.

“పుట్టిన ఊళ్ళో కూడా ముసాఫిర్‌నేనా?”

దైవప్రవక్త (స) సైతం మక్కా విజయం నాడు, తాము పుట్టి పెరిగిన నగరంలో, ప్రయాణికునివలె నమాజును కుదించే చేశారని చెప్పాను. హజ్జతుల్ విదా సమయంలోనూ అంతే. మదీనా ఆయన స్వస్థలమైంది. ఆమె తల ఊపి వుజూకు లేచింది.

మస్జిదులో ఇమాము స్థానికుడు. ముఖీమ్ అయిన ఇమాము వెనుక నిలిచిన ముసాఫిర్ పూర్తి నమాజే చేయాలి. ఆ విధంగా, ఈ ఊరితో ఏ బంధమూ లేని నేను నాలుగు రకాతులు చేశాను. ఇక్కడ పుట్టిన ఆమె ఆ గదిలో రెండు చేసి సలాం చెప్పింది.

నమాజు తరువాత మస్జిదు మెట్ల మీద ఒక పెద్దాయనతో మాటలు కలిశాయి. ఎనభై దాటినవాడు, కాంక్రీటు పని చేసినవాడు. మేము వచ్చిన పని విని నవ్వాడు. ఆయనది కృష్ణ ఒడ్డున ఉండిన ఒక పల్లె. 1981లో జలాశయం నిండే వేళకు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. వాటిలో ఈయనదీ ఒకటి. తన ఊరిని ముంచే గోడకు తానే కాంక్రీటు మోశానన్నాడు. ఫిర్యాదు చేస్తున్నట్లు గాక, కూలి లెక్క చెబుతున్నట్లుగానే అన్నాడు. “మీ ఇంటావిడ అదృష్టవంతురాలు మౌలానా. పుట్టిన ఊళ్ళో రెండు రకాతులు దొరికాయి. నాకు మా ఊళ్ళో ఖస్ర్ చేద్దామన్నా నేల లేదు. మా తాత ఖబరు నీళ్ళలో ఉంది.” ఎండకాలంలో నీరు బాగా తగ్గిన ఏడు, పల్లెల మొండిగోడలు బయటపడతాయట. కాళ్ళు బాగున్నన్నాళ్ళు పోయి చూసి వచ్చేవాడినన్నాడు.

ఆ మాటను నా భార్యకు ఆ రాత్రే చెప్పాను. ఆమె చాలాసేపు దుఆ చేసింది. ఎవరి కోసమో నేను అడగలేదు.

మరునాడు ఫజ్ర్ తరువాత చలి ఎముకలు కొరికింది. ఊరంతా మంచులో మునిగి, టీ కొట్ల పొయ్యిలు మాత్రమే ఎర్రగా కనిపించాయి. ఒక టీ కొట్టు ముందు చెంచు స్త్రీ నన్నారి వేళ్ళు, ఉసిరికాయలు పెట్టుకొని కూర్చున్నది. ఒక కట్ట కొన్నాము. ఎండ ఎక్కాక ఆటోలో డ్యాం వైపు దిగాము. గేట్లు మూసి ఉన్నాయి. దిగువన కృష్ణ నల్లని బండల నడుమ పాయలుగా ఉన్నది. వంతెనకు అవతలి ఒడ్డు 2014 నుంచి వేరే రాష్ట్రం. 2009 అక్టోబరులో ఈ గోడ మీదికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. డ్యాం ఉంటుందా పోతుందా అని కర్నూలు జిల్లా యావత్తూ ఊపిరి బిగబట్టిన రోజులు మన పాఠకులకు గుర్తుండే ఉంటాయి. ఆ రోజు మా మామగారు జీవించి లేరు. నా భార్య మాత్రం టీవీ ముందు నుంచి లేవలేదు. “మా అబ్బా కట్టింది పోదు” అని మాత్రమే అన్నది. ఆ మాటను అప్పుడు నేను మందలించాను కూడా, నిలిపేవాడు అల్లాహ్ అని. నిజమే గాని, ఆ గోడ ముందు నిలిచి చూసినప్పుడు, నా మందలింపులో కొంత తొందరపాటు ఉన్నదని అనిపించింది.

లింగాలగట్టులో చేపల వేపుడుతో భోజనం చేశాము. చేపకు జబీహా చింత లేదు. అక్కడి నుంచి పైకి ఎక్కవలసి వచ్చినప్పుడు, కొంత దూరం నడుద్దామన్నది. నా మోకాళ్ళ సంగతి ఆమెకు తెలుసు. అయినా పది అడుగులు ముందే నడిచి, మలుపు దగ్గర నిలబడి, రొప్పుతూ వచ్చిన నన్ను చూసి, “హదీసులో రెండోసారి ఎవరు గెలిచారు?” అని అడిగింది. “ఇది మొదటిసారే” అన్నాను.

తిరుగు ప్రయాణంలో వెలుగోడు వద్ద ఆమె కిటికీ అద్దం జరిపింది. శ్రీశైలం నీరు పోతిరెడ్డిపాడు నుంచి బానకచర్ల మీదుగా ఈ జలాశయానికి చేరి, తెలుగుగంగ కాలువలో ఆళ్ళగడ్డ వైపు సాగి, చివరకు చెన్నై దాకా పోతుంది. మా మామగారు ముందు ఆనకట్ట కట్టి, తరువాత ఆ నీటి వెంటే కాలువ పనికి నడిచారు.

ఇల్లు చేరేసరికి ఇషా వేళయింది. ఆమె నాలుగు రకాతులు చేసుకొని, నన్నారి కట్టను అటక మీద పెట్టి, ఫోను తీసుకొని మ్యూనిక్‌కు ఒక ఫోటో పంపింది. మంచు లేదు, దీపాలు లేవు, దంపతులు లేరు. గడ్డి మొలిచిన మట్టి వాకిలి ఒక్కటే. కాసేపటికి అబ్బాయి నుంచి జవాబు వచ్చింది: “ముమానీ, ఇందులో ఏముంది?”

ఆమె కళ్ళజోడు సర్దుకొని, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాయడం మొదలుపెట్టింది. నేను నిద్రపోయే వేళకు ఇంకా రాస్తూనే ఉన్నది.